బొగ్గుకు నట్టల మందు

మా చాకీ ఇంట్లోకి చెప్పులతో అడుగుపెట్టినవాళ్ళు ఇంతవరకు లేరు. ఆఫీసర్లు వచ్చినా సరే, మా ఆడబిడ్డ మొగుడు వచ్చినా సరే, గుమ్మం బయట చెప్పులు విడవాలి, బ్లీచింగ్ నీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచాలి, చేతులు కడుక్కోవాలి. ఆ తర్వాతే లోపలికి. ఒకసారి మా ఆయన వెంకటేష్ తొందరలో చెప్పులతో గుమ్మం దాటబోతే వీధిలో జనం చూస్తుండగానే వెనక్కి పంపాను. ఆయన చాలా రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. తిరగనీ అనుకున్నాను.

నా పేరు సుధారాణి. హిందూపురం నుంచి గోరంట్లకు పోయే దారిలో మా ఊరు. పట్టుపురుగు గుడ్డు పగిలి బయటికొచ్చినప్పుడు చీమ కన్నా చిన్నగా ఉంటుంది. దానికి లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి వేసి, వెచ్చగా, తేమగా పెట్టి, రెండుసార్లు చర్మం వదిలేదాకా సాకడమే చాకీ పని. చర్మం వదిలే ముందు పురుగు మేత మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. రెండో జ్వరం లేచిన పురుగుల్ని రైతులు తీసుకుపోయి వాళ్ళ షెడ్లలో పెంచి పట్టుగూళ్ళు తీస్తారు. పునాది నాది, పంట వాళ్ళది. నా దగ్గర తీసుకున్న పురుగు పాలరోగంతో పోయిందని ఓబులదేవరచెరువు నుంచి పెనుకొండ దాకా ఒక్కరిని చెప్పమనండి చూద్దాం.

ఇంత గట్టిగా మాట్లాడతాను కానీ, ఈ పనిలో మనిషిని ముంచడానికి ఒక్క మాట చాలు. ఫలానా వాళ్ళ చాకీలో జబ్బు ఉందంట, అంతే. నిజమా అబద్ధమా అని ఎవరూ అడగరు, వేరే చాకీ చూసుకుంటారు. అలాంటి మాటతో మూతబడిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. వాళ్ళ ట్రేలలో ఇప్పుడు వడియాలు ఎండబెడుతున్నారు.

అటువంటి ఇంటికి మా చందన మూడు నీటిబల్లుల్ని పట్టుకొచ్చింది.

చందన మా ఒక్కగానొక్క కూతురు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం అని ఎటూ పోకుండా నా పనిలోనే దిగింది. బెంగుళూరులో దాని స్నేహితురాలు ఇల్లు ఖాళీ చేస్తూ వీటిని ఇచ్చేసిందట. ఐస్‌క్రీం డబ్బాలో పెట్టుకుని రైల్లో తెచ్చింది. న్యూట్లు అంటారట. జానెడు కూడా ఉండవు. వీపు నల్లగా, పొట్ట కింద కుంకుమ రంగు మీద నల్ల మచ్చలు. ఎక్కువసేపు నీళ్ళలోనే ఉంటాయి, బుద్ధి పుడితే రాయి ఎక్కి కూర్చుంటాయి. కాళ్ళకు చేతులకు వేళ్ళుంటాయి. గాజుతొట్టి అద్దానికి ఆ వేళ్ళు ఆనించి మన ముఖంలోకి చూస్తే, ఏదో అడగడానికి వచ్చినట్టే ఉంటుంది.

వాటితో చిక్కల్లా ఒకటే. ఎండ వేడి అసలు పడదు. హిందూపురం ఎండల సంగతి చెప్పక్కర్లేదు. మాకు చల్లగా ఉండేది చాకీ ఇంట్లోని ఆకు గది ఒక్కటే. కోసిన మల్బరీ ఆకు వాడకుండా తడి గోనెపట్టాలు కట్టి, కూలరు పెట్టి ఉంచుతాం. లోపల పెడతానంటే నేను ఒప్పుకోలేదు. చివరికి ఆ గది గోడకు ఆనుకుని ముందు గదిలో వాటి తొట్టి పెట్టింది. ఆ నీళ్ళు ముట్టిన చేయి ఆకును ముట్టకూడదని షరతు పెట్టాను.

"బల్లికి కూలరు, నాకు విసనకర్ర. బాగుండాది మీ తల్లీకూతుళ్ళ న్యాయం" అన్నాడు మా ఆయన.

నాకు మాత్రం కొన్నాళ్ళకే అవి నచ్చాయి. ఎందుకంటే, జ్వరం అందరితోపాటు లేవకుండా వెనకబడే పురుగులు ప్రతి బ్యాచ్‌లోనూ కొన్ని ఉంటాయి. వాటిని ఏరి పారేయాల్సిందే. ఇప్పుడు వాటికి తినేవాళ్ళు దొరికారు. చందన పురుగును నీళ్ళలో వదిలితే అవి మెల్లగా దగ్గరకు వచ్చి, తల కాస్త పక్కకు వంచి చూసి, ఒక్క గుటకలో మింగేవి. అన్నిటికన్నా నల్లగా ఉండేదాని పేరు బొగ్గు. మిగతా రెండూ కుంకం, మిరప. నా పురుగుల్ని అంత ఇష్టంగా తింటే ఏ మనిషికి నచ్చదు చెప్పండి.

శివరాత్రి దాటాక బొగ్గు చిక్కిపోవడం మొదలైంది. తింటుంది, కానీ ఒంటికి పట్టదు. తోక పక్కలు లోపలికి పోయాయి, నడుము ఎముక తేలింది. పెంటిక జిగటగా, దారంలా సాగుతూ పడేది. రోజంతా పురుగుల్ని చూసే కళ్ళు నావి. ఏది బాగుందో ఏది లేదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"దీని పని బాగలేదు సందనా. తీసేయ్" అన్నాను.

మా పనిలో తీసేయ్ అంటే ఒకటే అర్థం. రోగం వచ్చిన పురుగుకు మేము వైద్యం చేయం. పుల్లతో పట్టి సున్నం నీళ్ళ గిన్నెలో వేస్తాం. ఒక్కదాని మీద జాలిపడితే ట్రే అంతా పోతుంది. ఇది మాకు చేతి అలవాటు, ఇందులో ఆలోచించేది ఏమీ ఉండదు. మా ఆయన అప్పటికే గిన్నె కోసం లేచాడు.

చందన తొట్టికి అడ్డంగా నిలబడింది. "మా, గుడ్లు కొనేముందు గుడ్ల కేంద్రం వాళ్ళను నువ్వు ఏమడుగుతావు?"

"తల్లిని చూసినారా అని అడుగుతా."

గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకను నూరి మైక్రోస్కోప్ కింద చూస్తారు. రోగం లేదంటేనే ఆ గుడ్లు పనికొస్తాయి. చూడని గుడ్లు ఉచితంగా ఇచ్చినా నేను తీసుకోను. నా సొంతంగా కూడా ఒక మైక్రోస్కోప్ కొనుక్కుని ప్రతి బ్యాచ్‌లో కొన్ని పురుగుల్ని చూసుకుంటాను. ఆ సంగతి ఊరంతటికీ నేనే చెప్పుకుంటాను.

"మరి దీన్ని సూడకుండానే తీసేయమంటాండావు" అంది చందన.

నా కూతురు నా మాటతోనే నా నోరు మూయించింది. నాకు కోపం వచ్చింది. ఆ కోపం కింద, ఇది నా కూతురే అన్న గర్వం కూడా వచ్చింది. గిన్నె పక్కన పెట్టమని మా ఆయనతో అన్నాను.

మర్నాడు ఇద్దరం పెనుకొండ పశువుల ఆసుపత్రికి పోయాం. తడిగుడ్డ పరిచిన డబ్బాలో బొగ్గు, మాత్రల సీసాలో దాని పెంటిక. ఆసుపత్రి ముందంతా గొర్రెలే. అవి నట్టల మందు తాగించే రోజులు. గొర్రెల కడుపులో పురుగులు పోవడానికి తాగించేదాన్ని నట్టల మందు అంటారు. గొర్రెల మధ్య బల్లి డబ్బాతో నిలబడ్డ మమ్మల్ని చూసి నవ్వని మనిషి లేడు. నేను తల ఎత్తుకుని అందరినీ ఒక చుట్టు చూశాను. నవ్వులు తగ్గాయి.

డాక్టరమ్మ శైలజ చిన్న వయసు మనిషి. డబ్బా మూత తీసి చాలాసేపు చూసింది. "దీన్ని నేను పుస్తకంలోనే చూశాను. వైద్యం ఎప్పుడూ చేయలేదు. కానీ పెంటిక పెంటికే కదా, చూద్దాం రండి" అంది. ఆ మాటతోనే ఆమె నాకు నచ్చింది. తెలియనిదాన్ని తెలియదని చెప్పే డాక్టరును నమ్మవచ్చు.

చుక్క నీళ్ళలో పెంటిక కలిపి అద్దం మీద పెట్టి మైక్రోస్కోప్ కింద చూసి, నన్నూ చూడమంది. నేను పురుగుల రోగం చూసినదాన్నే, కానీ ఇది వేరు. కోలగా ఉన్న గుడ్లు, ఒక్కోదాని లోపల చుట్టుకుని ఉన్న సన్నటి పురుగు. ఒకటైతే లోపలే మెలికలు తిరుగుతోంది. నా గుమ్మం లోపల, నా ఆకు గది పక్కన ఇంతకాలం ఇది ఉందా అని నాకు ఒళ్ళు మండింది. సిగ్గుగా కూడా అనిపించింది.

"కడుపులో పురుగుల గుడ్లు చాలానే ఉన్నాయండీ" అని డాక్టరమ్మ మామూలుగానే అంది. కానీ ఆమె గొంతు మామూలుగానే పెద్దది.

కిటికీ అవతల గొర్రెను పట్టుకుని నిలబడి ఉంది గోవిందమ్మ. గోరంట్ల దగ్గర పల్లె. మొదటినుంచీ నా దగ్గరే చాకీ తీసుకునే రైతు. ఆమె తీసుకుంటే ఆ పల్లె అంతా తీసుకుంటుంది, ఆమె వద్దంటే ఆ పల్లె అంతా వద్దంటుంది. ఉగాది తర్వాతి బ్యాచ్‌లో సగానికి పైగా ఆ పల్లెవాళ్ళదే.

"ఏం సుధమ్మా, పురుగులింట్లో జబ్బు పెట్టుకోనుండావా?" అంది.

"బల్లికి అక్కా. పురుగులకు గాదు."

"రెండూ ఒక కప్పు కిందనే గదమ్మా ఉండేది" అని గొర్రెను లాక్కుని వెళ్ళిపోయింది. వెనక నుంచి పిలిచాను. తిరిగి చూడలేదు.

డాక్టరమ్మ బెంగుళూరులో తన మాస్టారుకు ఫోన్ చేసి, ఇలాంటి జంతువులకు మందు ఎలా ఇవ్వాలో అడిగి రాసుకుంది. గొర్రెలకు ఇచ్చే నట్టల మందు రకమే, కానీ పిసరంత. చర్మంతోనే నీళ్ళు తాగే జీవి కాబట్టి ఏదైనా ఎక్కువైతే తట్టుకోదు, అందుకే బరువు సరిగ్గా తూచి చెప్పాలి అంది. ఒకదానికి ఉంటే మూడింటికీ ఉన్నట్టే, మూడింటికీ ఇవ్వాలి. మందుకు పురుగులు చస్తాయి కానీ గుడ్లు చావవు, అవి పగిలే సమయానికి మళ్ళీ ఇవ్వాలి. ఈలోగా తొట్టిలో పెంటిక నిలవనివ్వకూడదు, రాళ్ళు ఉడకబెట్టాలి, లేకపోతే పోయిన పురుగులే మళ్ళీ కడుపులో చేరతాయి. ఇవి పట్టుపురుగులకు అంటవు, అయినా చేతులు కడుక్కోండి అంది. చేతులు కడుక్కోమని నాకు చెప్పిన మొదటి మనిషి ఆమె. ఆ మందు పేరు, కొలత నేనిక్కడ రాయను. ఎవరైనా చదివి సొంత వైద్యం మొదలుపెడితే ఆ పాపం నాకెందుకు.

బస్సులో నుంచే చందన వాళ్ళ నాయనకు ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పింది. అదే కొంప ముంచింది.

మేము ఇంటికి చేరేసరికి ఆయన ముందు గదిలో చేతులు దులుపుకుంటూ కనిపించాడు. తొట్టిలో నీళ్ళు తెల్లగా ఉన్నాయి. రాయి మీద, కుంకం వీపు మీద, మిరప తల మీద తెల్లటి పొడి. పురుగులు జ్వరంలో ఉన్నప్పుడు పడక మీద మేము చల్లే సున్నం కలిపిన మందుపొడి అది. పలచటి గుడ్డలో మూటకట్టి, ఎక్కడా ఎక్కువతక్కువ కాకుండా, చాలా శుభ్రంగా చల్లాడు. ఆ పని ఆయన చేసినంత బాగా మా ఊళ్ళో ఎవరూ చేయలేరు. పట్టుపురుగుకు అది కాపాడే పొడి. తడి చర్మంతో ఊపిరి పీల్చే ఈ జీవికి అది నిప్పు. రెండూ తొట్టి మూలకు చేరి, ముక్కులు పైకెత్తి, అద్దాన్ని గోళ్ళు లేని వేళ్ళతో గీరుతున్నాయి.

నేను అరవలేదు. అరిచే టైము కూడా లేదు. నిన్నటి నుంచి కుండలో నిలవ ఉంచిన బోరు నీళ్ళు ఉన్నాయి. చందన కుంకాన్ని, మిరపను చేతుల్లో ఎత్తి పట్టుకుంటే నేను చెంబుతో మెల్లగా పోశాను. మార్చి మార్చి పోశాం. చర్మం పొరలు పొరలుగా ఊడి నీళ్ళతో పోయింది. చివరికి తడిగుడ్డ మీద రెండూ పడుకున్నాయి. గొంతు కింద చర్మం కొట్టుకుంటూ ఉంది. బతికాయి.

అప్పుడు మా ఆయన వైపు తిరిగాను. "ఏమప్పా, నిన్ను కూడా పొడిలో దొర్లించి సూద్దామా?"

ఆయన గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "మన పురుగులకు మంచిదే గదా అనుకుంటి. జబ్బంటే నాకు తెలిసింది ఇదే" అన్నాడు. ఆ ముఖం చూశాక ఇంకేమీ అనబుద్ధి కాలేదు. నాకు మాత్రం అంతకన్నా ఏం తెలుసు. నిన్నటిదాకా సున్నం గిన్నె తప్ప ఇంకో వైద్యం ఎరగనిదాన్నే. ఆ రోజు నుంచి తొట్టి నీళ్ళు మార్చే పని ఆయన తీసుకున్నాడు. నేను ఇవ్వలేదు, ఆయనే తీసుకున్నాడు.

అంటదని డాక్టరమ్మ చెప్పినా తొట్టిని చాకీ ఇంట్లోంచి తీయించి, మా ఇంటి వెనక వసారాలో తడి గోనెపట్టాల మధ్య పెట్టించాను. నీళ్ళలో ఐసుగడ్డ కట్టిన సీసాను తేల్చేవాళ్ళం. నా రూలు నాకూ వర్తిస్తుంది.

బరువు తూచడం ఇంకో కథ. హిందూపురంలో మాకు తెలిసిన కంసాలి, బంగారం తూచే కాటాలో బల్లిని పెడితే అరిష్టమని చేతులెత్తేశాడు. బల్లి కాదప్పా అన్నా వినలేదు. పొద్దున్నే బస్సెక్కి ధర్మవరంలో మా లక్ష్మక్క ఇంటికి పోయాం. లక్ష్మక్క నా సొంత అక్క. వాళ్ళవి మగ్గాలు. జరీ, పట్టు పోగు తూచుకునే చిన్న కాటా ఉంది, పిసరంత తేడా కూడా చూపిస్తుంది.

"ఏమే పాపా, పెళ్ళి చీరల జరీ తూచే దాని మీద తొండను పెడతావా నువ్వు?" అంది లక్ష్మక్క.

"పట్టుపురుగు తిని పెరిగింది అక్కా. నీ జరీ కన్నా మర్యాదగలదే."

లక్ష్మక్క నవ్వుతూనే కాటా మీద ప్లాస్టిక్ డబ్బా పెట్టి, సున్నాకు తెచ్చి, ఒక్కోదాన్ని తూచింది. బొగ్గు మిగతావాటిలో సగం కూడా లేదు. అంకె చూసి లక్ష్మక్క నవ్వు ఆపేసింది. "ఇంత ఎండిపోయిందేమే" అని, మేము బయల్దేరేటప్పుడు డబ్బా మీద కప్పడానికి మెత్తటి పట్టుగుడ్డ ముక్క ఇచ్చింది.

బరువులు ఫోన్‌లో చెబితే డాక్టరమ్మ మందును కొలిచి పొట్లాలు కట్టి పంపింది. ఆ పొడిని చిన్న పట్టుపురుగుకు అద్ది తినిపించాలి. కుంకం, మిరప అంత దెబ్బ తిన్నా తిన్నాయి. బొగ్గు తల తిప్పుకుంది. పురుగును ముక్కు ముందు పెడితే కళ్ళు మూసుకుంది. చందన చాలాసేపు ప్రయత్నించి, "మా, ఇంక దీనితో కాదేమో" అంది. ఏడుపు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"జరుగు ఇట్ల" అన్నాను.

గుడ్డు పగిలి వచ్చిన పురుగులు కంటికి ఆనవు, చేత్తో పట్టుకుంటే చస్తాయి. వాటిని ఆకు మీదకు దించేది కోడి ఈకతో. నలగకుండా, కింద పడకుండా ఈకతో పురుగును నడిపించడంలో నాకు పోటీ ఎవరూ లేరు. మందు అద్దిన పురుగును ఈక చివర ఆనించి, బొగ్గు ముక్కు ముందు మెల్లగా కదిపాను. ఆపాను. మళ్ళీ కదిపాను. బతికున్న పురుగు ఎలా పాకుతుందో అలా. బొగ్గు ఒక కన్ను తెరిచింది. ఇంకాస్త దూరం జరిపాను. పారిపోతుందని అనుకుందో ఏమో, తల ముందుకు విసిరి లటుక్కున పట్టుకుంది. వెనక నుంచి మా ఆయన "మింగె" అన్నాడు, ఊపిరి బిగబట్టి నిలబడినవాడు.

మందు లోపలికి పోయింది. కానీ బయట మాట ముందే పోయింది.

ఫోన్లు రావడం మొదలైంది. ఈసారి ఆకు సరిగా రాలేదు, చాకీ వద్దులే అని ఒకరు. షెడ్డు రిపేరు అని ఒకరు. ఎవరూ జబ్బు మాట ఎత్తరు. అందరిదీ గోవిందమ్మ పల్లెనో, దాని పక్క పల్లెనో. అప్పటికే గుడ్లకు చెప్పి ఉన్నాను. గుడ్లు వస్తే పగులుతాయి, పగిలితే పురుగు ఎవరి కోసమూ ఆగదు. రెండో జ్వరం లేచిన రోజున రైతులు రాకపోతే ఆ పురుగంతా గుంటలో పోయాల్సిందే. అలా ఒక్కసారి జరిగితే చాలు, ఇక సుధారాణి చాకీ అన్న పేరు ఉండదు.

"బల్లుల్ని పారేసినామని చెప్తాం. అంతే గదా వాళ్ళకు కావాల్సింది. వసారాలో ఉండేది ఎవరికి తెలుస్తాది" అన్నాడు మా ఆయన. ఆయన భయపడుతున్నాడు. నాకు తెలుసు. నేనూ భయపడుతున్నాను.

"నా ఇంట్లో జబ్బు కనపడింది. కనపడింది కాబట్టే మందు పోసినా. ఇందులో దాచేదేముండాది?" అన్నాను. "గుడ్లు రానీ. అందర్నీ ఈడికే పిలుస్తా."

డాక్టరమ్మ చూపించినట్టే పెంటికను నా మైక్రోస్కోప్ కింద నేనే చూడడం మొదలుపెట్టాను. మొదట గుడ్లు అలాగే ఉన్నాయి. తర్వాత పలచబడ్డాయి. రెండోసారి మందు ఇచ్చాక ఒకటీ అరా. చందన ఒకసారి, నేను ఒకసారి, ఎవరు చూసింది ఇంకొకరికి చెప్పకుండా చూసేవాళ్ళం. ఒకరోజు ఇద్దరికీ ఏమీ కనపడలేదు. నమ్మకం చాలక పెనుకొండకు కూడా పంపాను. శుభ్రంగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. బొగ్గు తోక పక్కలు నిండాయి. ఈలోగా గుడ్లు వచ్చాయి, పగిలాయి, పురుగులు మొదటి జ్వరం దాటాయి. ఒక్క ట్రేలోనూ తేడా లేదు. ఇంత బాగా లేచిన బ్యాచ్‌ను నేనే ఎప్పుడూ చూడలేదు. తీసుకుపోయేవాళ్ళే లేరు.

చాకీ ఇచ్చే రోజు పొద్దున్నే ప్రతి రైతుకూ నేనే ఫోన్ చేశాను. తీసుకోకపోయినా పర్వాలేదు, వచ్చి చూసి పొండి అన్నాను. పిలిస్తే రాకుండా ఉండే మర్యాదలేని మనుషులు కారు మావాళ్ళు. వచ్చారు. గేటు అవతల బండ్ల దగ్గరే నిలబడ్డారు. ట్రేలు పెట్టుకునే ఆటో ఒక్కరూ తేలేదు. ముందు గోవిందమ్మ, కాళ్ళకు చెప్పులు అలాగే ఉన్నాయి. లోపలికి వచ్చే ఉద్దేశం లేదని ఆ చెప్పులే చెబుతున్నాయి.

నేను వాకిట్లో బల్ల వేయించి, ఒక పక్క నీటిబల్లుల తొట్టి, ఒక పక్క మైక్రోస్కోప్ పెట్టించాను. ఇంకో బల్ల మీద ఆ పొద్దు జ్వరం లేచిన పురుగుల ట్రే.

"గోవిందమ్మక్క పెనుకొండలో విన్నది నిజమే" అన్నాను అందరికీ వినపడేలా. "ఈ నల్లదాని కడుపులో పురుగులు ఉండె. మూడింటికీ మందిచ్చినా. ఇప్పుడు లేవు. లేవని నేను చెప్తే నమ్మొద్దండి. ఈ పొద్దు ఏసిన పెంటిక ఈ అద్దం కింద ఉండాది. పక్క అద్దం మీద మీ పురుగుల్లో నుంచి తీసి నూరిపెట్టినా. రెండూ సూడండి."

ఎవరూ కదల్లేదు. మా ఆయన తొట్టి పక్కన నిలబడి, గోనెపట్టా తడుపుతూ ఉన్నాడు. చందన నా చేయి పట్టుకుంది.

గోవిందమ్మ గేటు దాటి బల్ల దగ్గరికి వచ్చింది. గుడ్లు ఉంటే ఎలా ఉంటాయో చందన మొదట తీసి ఉంచిన ఫోటో ఫోన్‌లో చూపించింది. గోవిందమ్మ ఒక కన్ను మూసి అద్దంలోకి వంగింది. పెంటిక చూసింది. పురుగుల అద్దం చూసింది. మళ్ళీ మొదటిది చూసింది. తొందరపడే మనిషి కాదు.

"ఈ నల్లదేనా ఆ పొద్దు డబ్బాలో ఉండింది?" అని అడిగింది.

"అదే అక్కా."

"అప్పుడు పుల్ల మాదిరి ఉండె. ఏదీ, తిననీ సూస్తా."

ట్రేలో వెనకబడ్డ పురుగు ఒకదాన్ని ఏరి నేను ఈక మీద పట్టాను. ఈక అవసరం లేకపోయింది. బొగ్గు రాయి మీద నుంచి దూకి, నీళ్ళలో సగం దూరం ఎదురొచ్చి పట్టుకుంది. గేటు దగ్గర ఎవరో నవ్వారు.

గోవిందమ్మ నవ్వలేదు. నా ముఖంలోకి చూసింది. "బల్లి పెంటికను గూడా వదలకుండా సూసినావే తల్లీ" అంది. తర్వాత ట్రే వైపు చూసి, గేటు వైపు తిరిగి తమ పల్లెవాళ్ళతో "ఆటో పిలిపించండప్పా, ఎండ ముదురుతాంది" అంది.

నేను మైక్రోస్కోప్ మీద గుడ్డ కప్పాను.

మిగతా ట్రేలు లోపల ఉన్నాయి. గోవిందమ్మ చాకీ ఇంటి గుమ్మం దగ్గరికి నడిచి, నేను చెప్పకముందే చెప్పులు విడిచి పక్కన జతగా పెట్టి, చీర కాస్త ఎత్తి పట్టుకుని, బ్లీచింగ్ నీళ్ళలో రెండు కాళ్ళూ ముంచింది. ఆమె వెనక మిగతావాళ్ళు వరసగా చెప్పులు విడవడం మొదలుపెట్టారు. గుమ్మం ముందు చోటు చాలక మా ఆయన వాటిని పక్కకు జరుపుతూ ఉంటే, నేను చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాను.